అంగుళానికి ఎనిమిది

మా అక్కవాళ్ళు ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. కూతురు కాలేజీకి వెళ్ళిపోయాక అక్క క్విల్టుల పనిలో పడింది. ముక్కలు అతికి పై గుడ్డ తయారుచేయడం తొందరగానే పట్టుబడింది. చిక్కంతా ఆ తర్వాతే. పై గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగు గుడ్డ, మూడూ కలిపి తీగలూ ఈకలూ తిప్పుతూ కుట్టాలి. మంచమంత గుడ్డను మామూలు మిషను కింద తోస్తుంటే కుట్టు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి. చివరికి ఓ కారు ధర పెట్టి లాంగార్మ్ మిషను కొంది.

దానికి 12 అడుగుల చట్రం. గుడ్డ చట్రానికి బిగించి ఉంటుంది. మిషను తలనే పిడులు పట్టుకుని పట్టాల మీద తిప్పాలి. చట్రం నిలబెట్టేటప్పుడు చెక్క నేల గీసుకుపోతుందని బావ గరాజులోంచి ఓ పాత బొంత తెచ్చి కాళ్ళ కింద పరిచాడు. అదలాగే ఉండిపోయింది.

నేర్పడానికి డెబ్బై దాటిన అమెరికన్ ఆవిడ వచ్చారు. ముందు కుట్టు పొడవు సమంగా ఉంచే రెగ్యులేటర్ ఆపించి కుట్టమన్నారు. మోటారు ఒకే వేగంతో తిరుగుతోంది. అక్క చెయ్యేమో తిన్నని గీత మీద పరుగెత్తింది, మలుపు దగ్గర తటపటాయించింది. తిన్నని చోట కాలిగోరు తగులుకునేంత కుట్లు పడ్డాయి, మలుపులో దారం ముద్దకట్టింది.

తర్వాత రెగ్యులేటర్ పెట్టారు. చక్రాల దగ్గరి సెన్సర్లు తల ఎంత దూరం జరిగిందో క్షణక్షణం కొలుస్తాయి. ఆ దూరానికి తగ్గట్టే సూది దిగుతుంది. చెయ్యి జోరు పెంచితే సూదీ పెంచుతుంది, చెయ్యి నిలిస్తే నిలుస్తుంది. ఇది చేతిపని కాదనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. గీత ఎటు తిరగాలో చెప్పేది చెయ్యే కదా!

అమెరికాలో ఈ తగువు పాతదే. 1989లో కెంటకీ రాష్ట్రం పడూకాలో జరిగిన పెద్ద పోటీలో మొదటిసారి మిషను కుట్టు క్విల్టుకి అగ్రబహుమతి ఇస్తే చేతికుట్టువాళ్ళు భగ్గుమన్నారు. వాళ్ళు పనితనాన్ని అంగుళంలో పడ్డ కుట్లు లెక్కపెట్టి తేలుస్తారు. అక్కకి నేర్పడానికి వచ్చినావిడా ఆ బడిలో పెరిగినావిడే. చిన్న స్కేలు ఎప్పుడూ జేబులో ఉంటుంది.

“అంగుళానికి ఎన్ని పెట్టమంటారు?” అక్క అడిగింది.

“పదో పదకొండో పెట్టేవాళ్ళే ఎక్కువ” అంటూ ఆవిడ కిందికి చూశారు. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని బొంత అంచు మీద స్కేలు ఆనించారు. కొంచెం లోపలికి జరిపి మళ్ళీ ఆనించారు. కుట్టు వరస మూల తిరిగే చోట ఇంకోసారి.

“ఎనిమిది. ఎక్కడ చూసినా ఎనిమిదే. మూలల్లో కూడా తేడా లేదు. ఏ మిషను మీద కుట్టించారు?”

“మిషను కాదండీ. చేత్తో కుట్టింది.”

ఆవిడ చట్రం పట్టుకుని లేచారు. “ఇలా కుట్టే మనిషి మీకు తెలిసుండగా నన్నెందుకు పిలిచారు?”

ఆ బొంత మా అమ్మది. అక్క కాన్పుకని తెనాలి నుంచి వచ్చినప్పుడు, తన నేతచీరలు మడతలేసి మనవరాలి కోసం కుట్టింది.