కూలింగ్ కాయిల్ కడిగేవాడేడీ?

మా రోజుల్లో హనుమాన్ జంక్షన్ సెంటర్లో ఆగే అంబాసిడర్లకి ఏసీ ఎక్కడిది? ముందు తలుపుకున్న మూడు మూలల చిన్నద్దాన్ని మొహం మీదికి తిప్పుకుంటే వచ్చేదే గాలి. మే నెలలో ఏలూరు వెళ్ళొచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయేది. అది సుఖమని నేననను. కానీ బండికి ఎప్పుడేం కావాలో నడిపేవాడికి తెలిసేది. పొద్దున్నే బానెట్ ఎత్తి రేడియేటర్లో నీళ్ళు, ఇంజన్లో ఆయిలు చూసుకుని, ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాకే బండి కదిలేది.

మొన్న మనవడి కారెక్కితే తడిసిన గోనెసంచి వాసన, ఏసీ చల్లదనమూ అంతంతే! అద్దానికి ఒక సెంటు సీసా వేలాడుతోంది, గాలొచ్చే జాలీకి ఇంకోటి తగిలించాడు. 'ఏంట్రా ఇది?' అంటే, 'గ్యాస్ అయిపోయినట్టుంది తాతా, మళ్ళీ నింపించాలి' అన్నాడు. అప్పటికే ఓ షాపులో రెండుసార్లు నింపించాట్ట. అదేమన్నా పెట్రోలా, తిరిగినకొద్దీ అయిపోవడానికి? మూసిన గొట్టాల్లో తిరిగేది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అది వెతక్కుండా నింపడం ఏం పని? ఓజోన్ పొరకి చేటని 1987 మాంట్రియల్ ఒప్పందంతో పాత ఆర్-12 గ్యాస్‌ని మాన్పించారు. తర్వాతొచ్చిన ఆర్-134ఎ కూడా భూమిని వేడెక్కించేదే. ఊరికే గాలిపాలు చేసేది కాదది.

గ్లవ్ బాక్స్ విప్పించి వెనకున్న ఏసీ ఫిల్టర్ లాగించాను. తెల్లగా ఉండాల్సింది బూడిదరంగు చాపలా ఉంది. మడతల్లో మామిడాకు ముక్కలు, ఎండిన పూత, పళ్ళ గంపల వరిగడ్డి నుసి. నూజివీడు తోటలో చెట్టు కిందే కదా కారు పెట్టేది! పూత మీద తేనెమంచు పురుగు వదిలే జిగురు వైపర్ల కింది జాలీ మీద పడుతుంది. ఆకూ దుమ్మూ దానికే అతుక్కుంటాయి. లోపలికి గాలి పోయేదీ ఆ దారినే.

ఫిల్టర్ వెనక కూలింగ్ కాయిల్. గాలిలో తేమంతా ఆ సన్నటి అల్యూమినియం రేకుల మీద నీరవుతుంది. తడికి దుమ్ము తోడైతే బూజే. గాలి ఆడక చల్లదనమూ తగ్గుతుంది. నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోతే కాళ్ళ దగ్గర మ్యాట్ తడుస్తుంది. మావాడు నీళ్ళ సీసా ఒలికిందనుకుని నెలరోజులుగా మ్యాట్ ఎండబెడుతున్నాడు!

మెకానిక్కుని ఇంటికే పిలిపించి, గొట్టం బాగుచేయించి, కాయిల్ కోసమే అమ్మే నురగ మందు కొట్టించాను. కాసేపటికి కారు కింద నల్లటి నీళ్ళు కారుతుంటే మావాడు వంగి అలా చూస్తూనే ఉండిపోయాడు. ఇదే పనికి కొందరు సర్వీసు స్టేషన్ గన్నుతో నీళ్ళు కొడతారు, రేకులు వంగిపోతాయి. బాత్రూం యాసిడ్ వాడేవాళ్ళూ ఉన్నారు. అది అల్యూమినియాన్ని తినేసి, చివరికి నిజంగానే గ్యాస్ పోతుంది.

కొత్త ఫిల్టర్ వేయించి, సెంటు సీసాలు రెండూ తీయించేశాను. కాయిల్ తడి ఆరితే బూజు అంత తొందరగా రాదు. అందుకే మావాడికి ఒకటే చెప్పాను: బెజవాడ నుంచి వచ్చేటప్పుడు మన జంక్షన్‌కి ముందొచ్చే వీరవల్లి దాటగానే ఏసీ ఆపి, ఇల్లు చేరేదాకా ఫ్యాన్ ఒక్కటే తిరగనివ్వరా.