కోడ్ మాస్టారు

గుంటూరు వైపు కేథలిక్ బడిలో లూర్దుమాత గుహ ఎంత ఖాయమో, స్టాఫ్ రూములో ఒక కోడ్ మాస్టారు ఉండడమూ అంతే ఖాయం. సబ్జెక్టు సాధారణంగా సోషల్. ఎన్నికల కమిషన్ వారు 2024 మార్చి 16న కోడ్ పెట్టి జూన్‌లో ఎత్తేశారు. ఈయన కోడ్ మాత్రం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అమల్లోనే ఉంది. "ఇది దేవుడి బడండీ. ఇక్కడ అందరి అభిప్రాయాలనూ గౌరవించాలి. అందుకని ఎవరూ ఏ అభిప్రాయమూ చెప్పకూడదు." అదీ ఆయన సిద్ధాంతం.

ఆ ఏడాది ఒంటిపూట బడుల్లో చూడాలి ఆయన్ని. "అబ్బ, ఏం ఉక్క! ఆ ఫ్యాను వేయండి" అని తెలుగు పండితులవారు అన్నారో లేదో, మాస్టారు దిగ్గున లేచారు. "నలుగురిలో గుర్తు పేరెత్తి అడగడం ఏం పద్ధతండీ?" తిరుగుతున్న రెండో ఫ్యాను కూడా ఆగిపోయింది. సైకిల్ పక్షం వాళ్లు ముసిముసిగా నవ్వుకునేలోపు, సైకిల్ స్టాండ్ బోర్డుకు పాత పేపరు అంటించి వచ్చారు. ఆయమ్మ తెచ్చే టీ గాజు గ్లాసుల్లోంచి కాగితం కప్పుల్లోకి మారింది. మరియమాత ముందున్న తామరపూలు బంతిపూలయ్యాయి. తిరుహృదయ పటంలో ప్రభువు ఆశీర్వదిస్తూ ఎత్తిన చెయ్యి వైపు కూడా అనుమానంగా చూశారు గానీ, అదృష్టం కొద్దీ అప్పుడే హెచ్చెం సిస్టర్ లోపలికొచ్చారు.

మే 13న మా బడే పోలింగ్ కేంద్రం. పోలింగ్ రోజున కేంద్రానికి నూరు మీటర్ల లోపల ప్రచారం కూడదని చట్టం. మాస్టారు మార్చిలోనే టేపు పట్టుకుని బయల్దేరారు. పీఈటీ సార్ రెండో కొస పట్టుకున్నారు, పాపం. స్టాఫ్ రూము నూరు మీటర్ల లోపలే తేలింది. ఇంకేముంది!

ఆయన దగ్గర మతపరమైన ఆయుధం కూడా ఉంది. శ్రీసభ చట్టం 287. గురువులు రాజకీయ పార్టీల్లో చురుగ్గా పాల్గొనకూడదని అది చెబుతుంది. ఫాదర్ల కోసం రాసిన ఆ నియమాన్ని ఆయన లెక్కల సార్‌కి, ఆటో డ్రైవర్‌కి, చివరికి రోజూ వినాయకుడికి దండం పెట్టుకుని డ్యూటీ ఎక్కే వాచ్‌మన్‌కి కూడా వర్తింపజేశారు. ఒకరోజు సిస్టర్ నెమ్మదిగా అడిగారు: "287 చదివారు సరే, 227 చదవలేదా మాస్టారూ?" లౌకిక వ్యవహారాల్లో గృహస్థులకు స్వేచ్ఛ ఉందనీ, అయితే తమ సొంత అభిప్రాయాన్ని శ్రీసభ బోధగా చలామణి చేయకూడదనీ చెప్పే నియమం అది. మాస్టారు రిజిస్టరు వెతుక్కోవడంలో మునిగిపోయారు.

ఇంతకీ ఆయన ఓటు ఎవరికి? తమ పార్టీ పేరు ఎన్నడూ చెప్పని ఆ ఒక్కరి ఓటే బడి మొత్తానికి తెలుసు. ఒక పక్షం వాళ్లు మాట్లాడితే "అది ఆయన అభిప్రాయం లెండి" అంటారు. అవతలి పక్షం వాళ్లు నోరు విప్పితే "రాజకీయాలొద్దండీ" అంటారు. ఏ పక్షమో నేను చెప్పను. చెబితే నా మీదా కోడ్ పెడతారు.

నిజానికి మా బడిలో గౌరవమంటూ ఉంటే అది లెక్కల సార్‌కీ హిందీ మేడమ్‌కీ మధ్య ఉంది. ఇద్దరూ ఇంటర్వెల్ గంట కొట్టగానే మొదలెడతారు. "అమ్మ ఒడి డబ్బులు పడకపోతే సగం మంది తల్లులు మన ఫీజు కట్టేవాళ్లా సార్?" అని ఆవిడ. "రాజధాని కట్టి ఉంటే ఆ పదిహేను వేలు వాళ్లే సంపాదించుకునేవాళ్లు మేడమ్" అని ఈయన. అరుపులు గుహ దాకా వినిపిస్తాయి. ఆ అరుపుల మధ్యే ఆవిడ గోంగూర పచ్చడి ఈయన పెసరట్టు మీదికొస్తుంది. ఆవిడ సెలవు పెడితే ఆ పీరియడ్ అడక్కుండానే తీసుకునేది ఈయనే. వాళ్లని విడదీయాలని మాస్టారు కుర్చీలు మార్పించారు. దాంతో ఇంకా గట్టిగా అరవాల్సి వచ్చింది.

2024 ఏప్రిల్‌లో భారత కేథలిక్ పీఠాధిపతుల సమాఖ్య కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. అసెంబ్లీలో పిల్లలు రోజూ రాజ్యాంగ పీఠిక చదవాలి, ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దకూడదు అని. జూన్‌లో బడి తెరిచాక పీఠిక చదివించే పని మాస్టారే తీసుకున్నారు. ఆలోచన, భావప్రకటన స్వేచ్ఛ దగ్గరికొచ్చేసరికి ఆ గొంతు మైదానమంతా మోగుతుంది. తర్వాత స్టాఫ్ రూములో అడుగుపెడుతూనే పెదవుల మీద వేలు పెట్టి "ష్ష్" అంటారు.

అన్నట్టు, తెరిచిన మొదటి రోజున అందరికీ లడ్డూలు పంచారు. కూటమికి 164 సీట్లు, వైసీపీకి 11 వచ్చి పది రోజులైనా కాలేదు. "ఫలితాలక్కాదండోయ్, మనవడు పాకుతున్నాడు" అన్నారు. ఆ మనవడిని ముందు వారమే మేమందరం బజార్లో చూశాం. పరిగెడుతున్నాడు.

2029 ఎన్నికల నాటికి మాస్టారు రిటైరైపోతారు. మీ బడికి కావాలంటే ఇప్పుడే చెప్పండి. టేపు కూడా ఇచ్చి పంపిస్తాం.