చేతిరంగుల గాజు గ్లాసు: తయారీ, బహూకరణ, నిర్వహణ

గాజు గ్లాసుల మీద స్వహస్తాలతో బొమ్మలు వేసి కానుకగా ఇవ్వడానికి సామగ్రి పెద్దగా అక్కర్లేదు: అరడజను గ్లాసులు, గ్లాస్ పెయింట్ సీసాలు, అంచులు గీసే లైనర్ ట్యూబు, సన్న కుంచె, స్పిరిట్, దూది, బోలెడు తీరిక. పుచ్చుకునేవారికి కావలసినవి రెండే: షోకేసులో కాస్త చోటు, తగినంత మొహమాటం. రెండోది లేని ఇళ్లకు ఈ కానుక పంపకూడదు.

గాజు రంగును పీల్చుకోదు. రంగు పైపైన పొరలా అంటుకుంటుందంతే. వేలి జిడ్డు ఉన్నచోట అదీ అంటదు గనక ముందు స్పిరిట్‌తో తుడవాలి. తుడిచిన మరుక్షణం ఇంట్లోవారెవరో వచ్చి, "దీనిమీదేనా వేసేది?" అంటూ అయిదు వేళ్లతో పట్టుకుని తిప్పి చూస్తారు. మళ్లీ తుడవాలి.

బొమ్మ కాగితాన్ని గ్లాసు లోపల అతికించి, బయటినుంచి లైనర్‌తో గీయాలి. ట్యూబు ముక్కు గడ్డకడితే గుండుసూదితో పొడుస్తారు. అప్పుడు ఒక్కసారిగా దూకే బొట్టు నెమలి కంట్లో తప్ప మరెక్కడా పడదు. గ్లాసు చుట్టూ పాకించిన లత బయల్దేరిన చోటికి తిరిగొచ్చేసరికి అరంగుళం కిందికి దిగి ఉంటుంది. ఆ సందులో ఒక ఆకు వేస్తారు. చేతిరంగుల గ్లాసుల మీద అకారణంగా కనిపించే పెద్ద ఆకులన్నీ ఈ కోవలోవే.

రంగు కారకుండా గ్లాసును పడుకోబెట్టి ఒక పక్క వేసి, ఆరాక రెండో పక్కకు తిప్పాలి. కొన్ని రకాల రంగులు నిలవాలంటే ఓవెన్‌లో దాదాపు 160 డిగ్రీల దగ్గర అరగంట పైచిలుకు కాల్చాలి. గ్లాసును చల్లని ఓవెన్‌లోనే పెట్టాలి, చల్లారాకే తీయాలి. లేకపోతే పగులుతుంది. మన ఇళ్లలో ఓవెన్ అంటే అప్పడాలు కాల్చే మైక్రోవేవ్ గనక ఈ అంకాన్ని చాలామంది దాటేస్తారు.

పెదవి తగిలేచోట, అంటే పై అంచునుంచి రెండు సెంటీమీటర్ల మేర, రంగు వేయరాదు. ఈ నియమం చప్పరించి తాగే జాతులను దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంది. ఎత్తిపోసుకుని తాగేవారి ప్రస్తావన ఏ డబ్బా మీదా లేదు. అయినా పాటించడమే మేలు. 2010లో అమెరికాలో సినిమా బొమ్మలున్న గ్లాసులను, రంగులో కాడ్మియం ఉందని, దాదాపు 1.2 కోట్లు వెనక్కి తీసుకున్నారు.

కానుక గ్లాసుల చరిత్రలో దీనికి ముందుది స్టీలు గ్లాసు. దానికి అలంకరణ లేదు, పేరు కొట్టించడమే. సామాన్ల కొట్టువాడు కరెంటు పెన్నుతో జర్రుమంటూ చుక్కచుక్కగా చెక్కేవాడు. అక్షరాలు పెద్దగా మొదలై, చోటు చాలక, చివరికి చీమలయ్యేవి. సత్యనారాయణ గారికి యవత్తు దొరికితే దీర్ఘం దొరికేది కాదు. ఇంటిపేరు పొడి అక్షరాల్లోకి ముడుచుకునేది. పేరు ఎక్కడ కొట్టించాలన్నదీ శాస్త్రమే. పక్కన కొట్టిస్తే తాగేవారు చదువుతారు, అడుగున కొట్టిస్తే ఎదురుగా కూర్చున్నవారు చదువుతారు. దాతల్లో తెలివైనవారు రెండుచోట్లా కొట్టించేవారు. పులుసుతో పక్కింటికి వెళ్లిన గిన్నె తిరిగొచ్చేదీ, పెళ్లిలో కలిసిపోయిన గ్లాసుల తగువు తీరేదీ ఆ పేరుతోనే. అందం గురించి ఎవరూ అడగలేదు. బూడిద వేసి తోమారు, కిందపడేశారు, బియ్యం కొలిచారు. పేరున్న మనిషి పోయాక కూడా కాఫీ అందులోనే సాగింది. ఒత్తులు అరిగిన ఆ పేరు ఎవరిదో పిల్లలకు తెలియదు, అడిగి చెప్పించుకునేవారూ ఇంట్లో మిగల్లేదు. అయినా రోజుకు రెండుసార్లు ఆవిడ అందరి చేతుల్లోకీ వస్తూనే ఉంది.

రంగుల గ్లాసుకు ఈ యోగం లేదు. అందుకున్నవారు "అబ్బ, ఎంత ఓపిక!" అంటారు. బొమ్మ గురించి కాక ఓపిక గురించి మాట్లాడారంటే అర్థం చేసుకోవాలి. ఇచ్చినవారు తర్వాత వచ్చినప్పుడు, స్టీలు గ్లాసులో మంచినీళ్లు అందుకుంటూ, "నేనిచ్చినవి వాడట్లేదా వదినా?" అంటారు. "వాటిలో తాగడానికి చేతులెలా వస్తాయమ్మా, దాచాను" అన్నది దీనికి ఆమోదిత సమాధానం. అసలు సంగతి, తోమితే నెమలి పోతుంది, పీచు తగిలితే ఆకు పోతుంది, వేడి కాఫీ పోయడానికి ధైర్యం చాలదు. చేత్తో చేసింది గనక పారేయడానికి వీల్లేదు. పేరూ తేదీ రాసి ఉంటుంది గనక ఇంకొకరికి అంటగట్టడానికీ వీల్లేదు. గ్లాసు అన్న పేరే గానీ దాహానికి మాత్రం పనికిరాదు.

నిర్వహణ సులభం. నెలకోసారి పొడిగుడ్డతో దుమ్ము దులపాలి. ఇచ్చినవారు వేరే ఊరికి బదిలీ అయితే గ్లాసును వేడినీళ్లలో నానబెట్టి బ్లేడుతో గీకవచ్చు. కాల్చని రంగయితే పొరలుగా ఊడివస్తుంది. తర్వాత సబ్బుతో కడిగి, మంచినీళ్లు తాగవచ్చు.