సున్నా శాతం పాండిత్యం

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని చదువు లేదు. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, బ్యాంకు పీఓ, జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లిష్: ఒకే బిల్డింగులో అంతస్తుకొక భవిష్యత్తు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల మీది కాగితాలు చదువుకుంటూ నడిస్తే, ఏ ఉద్యోగానికి ఏ సందులోకి తిరగాలో తెలిసిపోతుంది. 'బీటెక్, ఎంబీఏ ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును' అన్న కాగితం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ పక్కనే ఇప్పుడు 'థీసిస్ వర్క్, అన్ని సబ్జెక్టులు, ప్లేజరిజం జీరో' అన్నది కూడా వెలిసింది. అన్ని సబ్జెక్టులూ అంటే నిజంగానే అన్నీ. నన్నయ మొదలు నిన్నటి ఫేస్‌బుక్ కవి దాకా ఎవరి మీదైనా సరే, రెండు వందల యాభై పేజీలు, నల్ల రెగ్జిన్ అట్ట, దాని మీద బంగారు అక్షరాలు.

ఆ 'జీరో' అన్న మాటను చాలామంది పెద్దలు శంకిస్తున్నారు. నేను శంకించను. తెలుగు థీసిస్ విషయంలో అది అక్షరాలా సాధ్యం. ఎలా సాధ్యమో తర్వాత చెబుతాను. ముందు ఒక సెల్లార్‌లోకి దిగుదాం.

రెండు జిరాక్స్ మిషన్లు, స్పైరల్ బైండింగ్ సామాను, మూలన పాత కంప్యూటర్, దాని ముందు డీటీపీ ఆపరేటర్. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు హాస్టల్ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చంకలో డీఎస్సీ మెటీరియల్.

"అన్నా, సోమవారం సబ్మిషన్."

"టాపిక్ ఏంది తమ్మీ?"

"నవలలు. స్త్రీ పాత్రలు."

"అయితే మనకాడ ఉంది. రచయిత పేరు చెప్పు, మారుస్త."

"సారు పట్టుకుంటే?"

"ఎట్ల పట్టుకుంటడు? అది గూడ ఆయన దగ్గర చేసిందే."

పేరు మార్చడమంటే కంప్యూటర్‌కు ఒక్క ఆజ్ఞ. పాత నవలలో నాయిక కమల, కొత్త నవలలో నాయిక సరళ. కమల అని ఎక్కడుంటే అక్కడికి సరళ వచ్చి కూర్చుంటుంది. కథాసంగ్రహం ఒక్కటే కొత్తగా రాయాలి, దానికి రేటు వేరు. మిగతాదంతా క్షణంలో అయిపోతుంది. కాకపోతే నూట పన్నెండో పేజీలో కొలనులో సరళం వికసిస్తుంది. భర్త మాటలకు నాయిక ముఖసరళం వాడిపోతుంది. ఆమె హృదయసరళం మాత్రం వాడదు. వీటన్నిటినీ దాటి వచ్చిన పరీక్షకులు 'భాష సరళంగా ఉంది' అని నివేదిక రాస్తారు. అందులో అబద్ధం లేదు.

షాపువాడిని తిట్టి లాభం లేదు. అచ్చు అతను పోసింది కాదు, విశ్వవిద్యాలయాలే పోసి ఇచ్చాయి. తెలుగు ఎం.ఫిల్. సిద్ధాంతవ్యాసాన్ని కళ్లు మూసుకుని తెరవండి. మొదటి అధ్యాయం నవల పుట్టుపూర్వోత్తరాలు. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన శ్రీరంగరాజ చరిత్ర తొలి నవలా, 1878 నాటి కందుకూరి వారి రాజశేఖర చరిత్రా? ఈ తగవు పేజీలకు పేజీలు నడిచి 'పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి' అన్న వాక్యం దగ్గర చెమట తుడుచుకుంటుంది. టాపిక్ కథానికైతే అదే చోట 1902 నాటి భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి', 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' తలపడతాయి. 1902 ముందా, 1910 ముందా అని తేల్చుకోలేక ఇన్నేళ్లుగా ఇంతమంది డిగ్రీలు పుచ్చుకున్న జాతి మరొకటి ఉండదు. అసలు తగవు తేదీది కాదు, దేన్ని కథ అనాలి, దేన్ని నవల అనాలి అన్నది. ఆ ప్రశ్న జోలికి మాత్రం ఎవరూ పోరు. పోతే ఆలోచించాల్సి వస్తుంది.

రెండో అధ్యాయం రచయిత జననం, బాల్యం, విద్యాభ్యాసం, ఉద్యోగం, సన్మానాలు. శాలువాలు కప్పిన సంస్థల జాబితాకే నాలుగు పేజీలు. మూడోది కథాసంగ్రహాలు. నాలుగోది పాత్రలు, మంచివాళ్లు మంచివాళ్లనీ, చెడ్డవాళ్లు చెడ్డవాళ్లనీ ఇందులో నిరూపణ అవుతుంది. ఐదోది శైలి. అంటే నవలలోని సామెతలు ఒక జాబితా, జాతీయాలు మరొక జాబితా, ఇంగ్లిష్ మాటలు ఇంకొకటి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి, బియ్యం పారబోసి రాళ్లు మనకిస్తారు. చివర ఉపసంహారం. దాని ఆఖరి వాక్యం దేశమంతటా ఒకటే: 'ఈ అంశంపై మరిన్ని పరిశోధనలు జరగవలసిన అవసరం ఉంది.' సెల్లార్‌లో అన్న కోరుకునేదీ అదే.

ఇలాంటివాటిని అరికట్టాలని యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా ఉంటే దిద్దుకుని ఆరు నెలల్లోగా మళ్లీ ఇవ్వాలి. నలభై దాటితే ఏడాది నిషేధం, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. యమలోకంలో కూడా శిక్షల పట్టిక ఇంత తేటగా ఉండదు. అందులో ఒక వెసులుబాటు ఉంది. వరసగా పద్నాలుగు మాటల దాకా ఒకేలా ఉంటే అది కాకతాళీయం కింద లెక్క. ఇంగ్లిష్‌లో పద్నాలుగు మాటలంటే ఒక మామూలు వాక్యం. మన ప్రబంధ కవుల దగ్గర పద్నాలుగు మాటల్లో సూర్యోదయం అయిపోయి, రాజుగారు వేటకు కూడా బయల్దేరతారు. పాదం పొడవునా ఒకే సమాసం పరిచిన కవిని కాపీ కొట్టినవాడు ఈ లెక్కన ఏ పాపమూ ఎరగని బాలుడు.

ఇక మొదట దాచుకున్న రహస్యం. మన డీటీపీ లోకం ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో నడిచింది. ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తోంది. అనులో కొట్టిన తెలుగు తెర మీదే తెలుగు. కంప్యూటర్ లోపల అది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గుంపు. ఫాంటు వాటికి తెలుగు వేషం కడుతుంది. దాన్ని పోలిక శాతం లెక్కగట్టే యంత్రానికి అప్పజెబితే, యంత్రానికి కనిపించేది అర్థం లేని గిలుకుడు. అలాంటి గిలుకుడు లోకంలో ఇంకెక్కడా కనిపించదు కాబట్టి, ఈ పరిశోధన పూర్తిగా మౌలికమని అది తీర్పిస్తుంది. పోలిక సున్నా శాతం, ధ్రువపత్రం సిద్ధం, లైబ్రేరియన్ సంతకం, రబ్బరు ముద్ర. పోనీ పాత థీసిస్‌లతో సరిపోల్చుకుందామంటే, థీసిస్‌లు భద్రపరిచే వెబ్‌సైట్ శోధ్‌గంగలో ఎక్కించిన తెలుగు థీసిస్‌లలో పేజీలను ఫొటోల్లా స్కాన్ చేసి పెట్టినవి ఎన్నో. బొమ్మలో మాటను యంత్రం ఎక్కడ వెతుకుతుంది? యూనికోడ్ రాక ముందు ఇది నిస్సహాయత. వచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా సాగుతోందంటే సౌకర్యం.

ఇదంతా ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. ఉస్మానియాలో తెలుగులో తొలి పీహెచ్‌డీ బిరుదురాజు రామరాజు గారిది. విషయం జానపద గేయ సాహిత్యం. ఆ పాటలు ఏ షాపులోనూ దొరికేవి కావు. ఊరూరా తిరిగి పాడేవాళ్ల నోటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది. అంతకు ముందు మాట ఇంకా ఘాటైనది. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చేతిలో పెట్టారు. ఆయన చదువు బి.ఏ., బి.ఎల్. డాక్టరేటు లేదు, గైడూ లేడు. అయినా తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కే వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. ఆయనే ఈనాడు సినాప్సిస్ పట్టుకుని వస్తే 'తెలంగాణలో కవులు: ఒక సమగ్ర పరిశీలన' అని శీర్షిక మార్చి, ఐదు అధ్యాయాలు చేసి తెమ్మని వెనక్కి పంపేవారేమో.

కుర్రాడి పక్షాన ఒక్క మాట. వాడికి ఈ థీసిస్ ఎందుకో ప్రభుత్వాలకే తెలియదు. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో అన్నారు, 2021 నుంచి అన్నారు, 2023కు జరిపారు, ఆ 2023 రాగానే నెట్, సెట్ చాలన్నారు. ఎం.ఫిల్.నైతే 2022 నిబంధనలతో ఎత్తేశారు. ఇంకా అడ్మిషన్లు ఇస్తున్నవాళ్లుంటే 2023 డిసెంబరులో మళ్లీ హెచ్చరించారు. ఇన్ని మలుపుల్లో వాడు నవల చదువుతాడా, నోటిఫికేషన్ చదువుతాడా? ఎం.ఫిల్. పోయినా సెల్లార్‌కు నష్టం లేదు. ఎం.ఏ. ప్రాజెక్టులున్నాయి, పీహెచ్‌డీలున్నాయి. ఈ మధ్య చాట్‌జీపీటీ కూడా వచ్చి చేరింది. అది పుట్టని కవికి పుట్టినూరు, రాయని పుస్తకానికి ప్రచురణ సంవత్సరం కూడా ఇవ్వగలదు. అన్న రేట్లు తగ్గించక తప్పదు.

గైడ్లకు మాత్రం పక్షం లేదు. తన కింద ఇదివరకు జరిగిన పనినే నాయిక పేరు మార్చి తెస్తే గుర్తుపట్టలేని పర్యవేక్షకుడు దేన్ని పర్యవేక్షించినట్టు? విశ్వవిద్యాలయాలు చేయగలిగింది కూడా పెద్ద పనేం కాదు. యూనికోడ్‌లో ఉంటేనే థీసిస్ తీసుకోండి. శాతం కాగితం పక్కనపెట్టి, మౌఖిక పరీక్షలో నడిమధ్య ఏదో ఒక పేజీ తెరిచి, ఇక్కడ ఏం చెప్పావో నీ మాటల్లో చెప్పు తమ్మీ అని అడగండి. శాలువాలు, బొకేలు, భోజనాలు ఆ తర్వాత.

కుర్రాడికి కూడా ఒక దారి చెబుతాను, పైసా కన్సల్టేషన్ ఫీజు లేకుండా. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ ఐదో స్టేషన్. దిగి సుల్తాన్‌బజార్‌కు నడిచి వెళ్లు. అక్కడ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో పెట్టిన గ్రంథాలయం. ఏ నవల మీద థీసిస్ ఇస్తున్నావో, సోమవారం లోపు ఆ నవల ఒక్కసారి అడిగి తీసుకుని చదువు.