కాలదోషం పట్టని క్యాలెండరు

ప్లీడరు ఆఫీసు గోడకు రెండేళ్లకు పైగా వేలాడితే ఎవరికైనా కోర్టు భాష వంటబడుతుంది. దావా కాగితంలో ఎవరూ 'నేను' అనరు. "ఈ వాది మనవి చేసుకొనునది ఏమనగా" అంటూ తమ గోడు తామే పరాయివాళ్ల గోడులా చెప్పుకుంటారు. 2024వ సంవత్సరపు ఈ గోడ క్యాలెండరుకూ అదే అలవాటైంది. కాబట్టి తన కథ అదే ఫక్కీలో మనవి చేసుకుంటోంది.

దీని కాపురం తెనాలిలో, ఒక ప్లీడరుగారి గుమస్తా బల్ల వెనక. ఎడమ పక్కన వారాల పేర్లు, ఎర్ర సిరాలో సెలవులు, గడి గడికీ తిథి, నక్షత్రం. పైన రేకు పట్టీ, దానికో మేకు. ఆ మేకుకే దీని మీద 2025, దాని మీద 2026 వచ్చి పడ్డాయి. ఇళ్లల్లో అయితే డిసెంబరు దాటగానే క్యాలెండర్లు పిల్లల పుస్తకాలకు అట్టలైపోతాయి. ఇక్కడ ఆ భయం లేదు. అప్పీలు ఆలస్యమైతే మన్నించమని పిటిషను వేయాలి, ఎన్ని రోజుల ఆలస్యమో ఒక్కటీ తప్పకుండా చెప్పాలి. అందుకని పాత తేదీలకూ గిరాకీ ఉంది.

దీని కింద 2020, 2021 ఉన్నాయి. పాపం, వాటి బతుకు వేరు. కరోనా కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా నడిచిన రోజుల్ని గడువు లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. పండగలు వచ్చాయి, జీతాలు వచ్చాయి, వడ్డీలూ పెరిగాయి. కాలపరిమితి దగ్గరికొచ్చేసరికి మాత్రం అవి రోజులే కావు.

గుమస్తాగారు లెక్కకు దిగితే చూడాలి. బాల్ పెన్ను మూతను తేదీ మీద పెట్టరు, దాని తర్వాతి గడి మీద పెడతారు. మొదటి రోజు వదిలెయ్యాలి, చివరి రోజు కలుపుకోవాలి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోనూ, 1963 నాటి లిమిటేషన్ చట్టంలోనూ ఉన్న సూత్రం ఇదే.

2024 జనవరి 31, బుధవారం. ధాన్యం వ్యాపారి ఒకాయన చెల్లని చెక్కు పట్టుకొచ్చాడు. బ్యాంకు మెమో చేతికందింది ఆ రోజే. చెక్కు ఇచ్చినవాడికి 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. పెన్ను మూత ఫిబ్రవరి 1 దగ్గర బయల్దేరింది. నాలుగు వారాలు దాటితే మళ్లీ బుధవారం, ఆపైన రెండు రోజులు. మార్చి 1, శుక్రవారం. వేరే ఏడాది అయితే మార్చి 2 దాకా వ్యవధి ఉండేది. ఈ క్యాలెండరుకు ఫిబ్రవరిలో ఒక గడి ఎక్కువ కాబట్టి, వ్యాపారికి మార్చిలో ఒక రోజు తగ్గింది. ఈ 30 రోజులు దాటితే ఆ నోటీసు చెల్లదు, ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టం ఇక్కడ పెట్టలేదు.

నోటీసు అవతలివాడికి ఫిబ్రవరి 13న అందింది. డబ్బు కట్టడానికి వాడికి 15 రోజులు, అంటే 28 దాకా. కట్టకపోతే 29న ఫిర్యాదుకు కారణం పుడుతుంది. అక్కణ్ణుంచి ఒక నెలలోపు కోర్టులో వేయాలి. తొందరపడి ఆ 15 రోజులు పూర్తికాకుండానే వేస్తే అసలది ఫిర్యాదే కాదని సుప్రీంకోర్టు 2014లో తేల్చేసింది. మరి కారణం పుట్టిన రోజును నెలలో కలపాలా, వదలాలా? దీని మీదా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1995 అక్టోబరు 15న కారణం పుడితే నవంబరు 15న వేసిన ఫిర్యాదు గడువులోపుదేనని సాకేత్ ఇండియా కేసులో 1999లో తీర్పు వచ్చింది. ఆ లెక్కన వ్యాపారికి మార్చి 29 ఆఖరి రోజు.

ఆ గడి ఎర్రగా ఉంది. గుడ్ ఫ్రైడే.

కోర్టు మూసి ఉన్న రోజున గడువు తీరితే, తెరిచిన రోజున వేసుకోవచ్చు. అది చట్టం ఇచ్చిన వెసులుబాటే. గుమస్తాగారు దాన్ని ఎన్నడూ వాడుకోరు. సెలవు తెల్లారి ఫైలింగ్ కౌంటరు దగ్గర జాతరలా ఉంటుందని ఆయనకు తెలుసు. జూనియరు కుర్రాడు ఫోన్లో యాప్ తెరిచి క్షణంలో తేదీ చెప్పేస్తాడు. దానికి వేసవి సెలవులు తెలుసా, నెల అంటే 30 రోజులు కాదని తెలుసా అని ఆయన అడుగుతారు. జనవరి 31 నుంచి ముప్ఫై రోజులంటే ఒక తేదీ, ఒక నెలంటే మరో తేదీ. మూడు నెలల్ని 90 రోజులుగా చేసి లెక్కపెట్టకూడదని 2010లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చిందంటే, తప్పు కుర్రాడొక్కడిదే కాదు.

మొన్నీమధ్య ఒక రైతు ప్రోనోటు తెచ్చాడు. రాసిన తేదీ చూసి గుమస్తాగారు పైనున్న రెండు క్యాలెండర్లనూ ఎత్తి, దీని ఫిబ్రవరి పేజీ తీశారు. 29, గురువారం.

"మూడేళ్లు కదండీ గుమస్తాగారూ, ఇంకా బోలెడు టైముంది" అన్నాడు రైతు.

"ఉంది గానీ, 2027లో 29 రాదు. 28తో సరి. అదీ ఆదివారం. సోమవారం వేసినా చట్టం ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. 26 శుక్రవారం దాటనివ్వను. ఈలోగా అప్పు తీసుకున్నతను ఎంతో కొంత కడితే ప్రోనోటు వెనక చెల్లు రాయించండి. అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు."

"వెయ్యి రూపాయలైనా సరేనా అండీ?"

"వంద అయినా సరే. సంతకం మాత్రం అతనిదే ఉండాలి. తేదీ కూడా అతని చేతే వేయించండి."