డ్యాములు సరే, చెరువులేవి?

మా రోజుల్లో రాయకోట చుట్టుపక్కల సేద్యమంటే చెరువే. ఎండాకాలం చెరువు ఎండితే ఊరంతా ఎద్దుబండ్లు కట్టుకుని అందులో దిగేది. పూడిక తవ్వి చేలకు తోలుకునేవాళ్లం. ఆ మట్టి పడ్డ చేలో రాగి వెన్నులు బరువుకు వంగిపోయేవి. తూము తెరిచేది నీరుగంటి ఒక్కడే. పార భుజానేసుకుని అర్ధరాత్రి కూడా కాలవ గట్టున తిరిగేవాడు. ఎవరి మడికి ఎంతసేపు పారాలో ఆయన చెప్పిందే మాట, పెద్ద రైతైనా ఎదురాడేవాడు కాదు. కళ్లంలో ఆయనకు కొలిచాకే గింజ మా ఇళ్లకు చేరేది.

కామరాజు ముఖ్యమంత్రిగా ఉండగా, 1950లలో, దక్షిణ పినాకిని మీద కృష్ణగిరి డ్యాము లేచింది. నిండితే 52 అడుగులు. దాని కింద కావేరిపట్నం వైపు దాదాపు 9,000 ఎకరాలు పచ్చబడ్డాయి. డ్యాములు వద్దనే మనిషిని కాను నేను. అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసిన దేశం మనది. నాగార్జునసాగర్ లాంటివి కట్టుకోకుంటే ఇంత తిండి ఎక్కడిది? అదే కృష్ణమ్మ మీద శ్రీశైలం కట్టినప్పుడు వందకు పైగా ఊళ్లు మునిగాయి. ఆ జనం బాకీ దేశం ఇంకా తీర్చలేదు.

నా కోపమంతా డ్యాము చూసుకుని చెరువును వదిలేసినందుకు. డ్యాము పల్లంలో ఉంది, మేం మెట్టన ఉన్నాం. ఆ నీళ్లు గుట్టెక్కి మా దగ్గరికి రావు కదా! మాకు దిక్కు చెరువులే అని దొరలెవరికీ తట్టలేదు. నీరుగంటి పని పోయింది, వాళ్ల పిల్లలు హోసూరు ఫ్యాక్టరీలకు పోయారు. చెరువుకు నీళ్లు తెచ్చే వంకలు పూడ్చి ఇళ్ల స్థలాలు వేశారు. చెరువు నిండా ఇప్పుడు సర్కారు తుమ్మే. టమోటా అమ్మిన డబ్బంతా బోరులో పోస్తున్నారు, వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేస్తోంది. తాగే నీళ్లు హొగెనకల్ నుంచి పైపుల్లో వస్తున్నాయి, అంతవరకు మేలే.

పోనీ, కట్టిన డ్యామునైనా కాపాడుకున్నారా? 2017 నవంబరులో కృష్ణగిరి డ్యాము గేటొకటి విరిగిపోయింది. నిండుకుండలాంటి డ్యాములోంచి రైతు నీళ్లు వృథాగా ఏటిపాలయ్యాయి. అరవై ఏళ్ల ఇనుముకు ముందే మరమ్మతు చేయించాలని చెప్పేవాడే లేకపోయాడా?

ఇక హోసూరు దగ్గరి కెలవరపల్లి డ్యాము చూడండి. నందికొండల్లో తేటగా పుట్టిన ఏరు బెంగళూరు మురుగంతా మోసుకొస్తోంది. వానలు పడి గేట్లు ఎత్తితే మనిషెత్తు తెల్లటి నురగ, ముక్కు పగిలే కంపు. మా రోజుల్లో ఆ ఏట్లో చెలమ తీసి దోసిలితో తాగేవాళ్లం. ఇప్పుడు ఆ నురగ నీళ్లనే కాలవలకు వదులుతున్నారు. వాటితో పండిన కూరగాయలు లారీలెక్కి మళ్లీ బెంగళూరుకే పోతున్నాయి.