మత్తు సారు

అనంతపురం సాయినగర్‌లో ఏ సందు తిరిగినా డాక్టరు బోర్డే. ఎముకల డాక్టరు, చెవుల డాక్టరు, పిల్లల డాక్టరు, పిల్లలు కలగనివాళ్ల డాక్టరు. మత్తు సారుకు మాత్రం బోర్డు లేదు. ఎంబీబీఎస్ ఐదున్నరేండ్లు, ఆపైన ఎండీ మూడేండ్లు చదివి ఆయన సంపాదించిన క్లినిక్ ఒక పాత కారు, దాని డిక్కీలో ఒక పెట్టె. "ఇంటి ముందర బోర్డు ఎప్పుడు పెట్టిస్తావు నాయనా?" అని ఉరవకొండ నుంచి తల్లి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. పెండ్లిచూపుల్లో పిల్ల మేనమామ ఇంకో అడుగు ముందుకేసినాడు: "సూదేసి పండుకోబెట్టేదానికి డాక్టరెందుకు? కాంపౌండరు చాలడా?"

తెల్లవారుతూనే సాయినగర్‌లో సిజేరియన్, తర్వాత ధర్మవరంలో హెర్నియా, మధ్యాహ్నం కళ్యాణదుర్గంలో గర్భసంచి. దారి పొడుగునా ఎండిన శనక్కాయ చేన్లు. ఆయన వచ్చేదాకా సర్జను కత్తి పట్టడు. ఆయన వచ్చినాక సర్జనే రాడు. ఆ సందులో స్టూలు మీద కూర్చుని సిస్టర్లకు తన కులవృత్తి చరిత్ర చెబుతాడు. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో మోర్టన్ ఈథర్ ఇచ్చి చూపించడం, క్లోరోఫాం వికటిస్తే ముందు ఆగేది గుండా, ఊపిరా అని తేల్చడానికి ఆరో నిజాం సొమ్ముతో 1888, 89లలో హైదరాబాదులో రెండు కమిషన్లు కూర్చోవడం, ఊపిరే అని అవి తేల్చింది తర్వాత తప్పని తేలడం, అదే హైదరాబాదులో రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు కావడం. సరిగ్గా రూపాబాయి దగ్గరికి వచ్చేసరికి సర్జను వస్తాడు. ఆమె కథ ఆఖరికి ఏమైందో సిస్టర్లకు ఇంతవరకూ తెలియదు.

మందు ఎక్కించేటప్పుడు అంకెలు లెక్కపెట్టమనడం సినిమా పద్ధతి. మత్తు సారు అడిగేది వేరు: "మీ ఊర్లో వాన పడిందా పెద్దాయనా?" ఏడాది పొడుగునా కలిపి సగటున 550 మిల్లీమీటర్లు పడడమే గొప్పయిన చోట ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాదు. ప్రొపొఫాల్ అర నిమిషంలో పని చేస్తుంది. ఆ అర నిమిషంలోనే రైతు "యాడ పడింది సార్" అని మొదలుపెట్టి, విత్తనాలు, పంటల బీమా దాటి, ఆఫీసర్లను తిట్టబోయే మాట దగ్గర కన్ను మూస్తాడు. లేచినాక మొదట ఆ తిట్టు పూర్తిచేసినవాళ్లున్నారు.

వెన్నుకు సూది వేయాల్సిన రోజు ఆయన దర్జా వేరు. పొలంలో ఆరేడు వందల అడుగులు బోరు దించినా దుమ్ము తప్ప చూడని మనిషి నడుములో, రెండంగుళాలకే తేట నీటి బొట్టు తెప్పిస్తాడు. పాపం, ఆ బొట్టు రైతుకు కనబడదు.

ఆపరేషన్ జరిగినంతసేపూ ఆయన ఫోన్ చూసుకుంటున్నాడనే సర్జను నమ్మకం. మానిటర్ కూత రవంత మారితే చాలు, ఆ ఫోన్ ఎప్పుడు జేబులోకి పోయిందో, ఆయన చెయ్యి రోగి గడ్డం కిందికి ఎప్పుడు చేరిందో ఎవరికీ కనబడదు. అన్నీ బాగైతే సర్జను హస్తవాసి. శనక్కాయల మూట ఆయనింటికే పోతుంది. రోగి లేవడం కాస్త ఆలస్యమైతే మాత్రం "మత్తిచ్చినాయన ఎవురు?" అని వరండా అంతా వెతుకుతారు. ఆయన ఉనికి జనానికి గుర్తొచ్చేది అప్పుడే.

ఇన్ని ఓర్చుకునే మనిషి ఓర్చుకోలేనిది ఒకటే.

"ఏమన్నా తిన్నావా?"

"లేదు సార్."

"నిజంగా?"

"రోంత ఉగ్గాని, అంతే."

"బజ్జీ?"

"రెండే సార్. కడుపు కాలితే సూదికి తట్టుకోలేవని మా అవ్వ తినిపించింది."

మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే తిన్నాక ఆరు గంటలు, నూనె వంటకమైతే ఎనిమిది గంటలు ఆగాలి. ఆపరేషన్ సాయంత్రానికి వాయిదా. సర్జను ఆయన మీద, ఆయన అవ్వ మీద, అవ్వ లోకం మీద విసుక్కుంటారు.

మీరెప్పుడన్నా ఆ బల్ల మీద పడుకోవాల్సి వస్తే, శనక్కాయల మూట ఎవరికిచ్చినా పర్వాలేదు. ఉగ్గాని సంగతి మాత్రం మత్తు సారుకు ఉన్నదున్నట్టు చెప్పండి, బజ్జీల లెక్కతో సహా.